నీలిరంగును పట్టే సూదంటురాయి

మిథిలీన్ బ్లూ అని ఒక నీలిరంగు ఉంది. 1876లో జర్మనీలో హైన్రిచ్ కారో అనే రసాయన శాస్త్రజ్ఞుడు దాన్ని అద్దకం రంగుగా తయారుచేశాడు. పదిహేనేళ్ళ తరువాత, 1891లో, పాల్ గుట్‌మాన్, పాల్ ఎర్లిక్ అనే వైద్యులు ఆ రంగునే మలేరియా రోగులకు మందుగా ఇచ్చి చూశారు. 1930లలో ప్రాంటోసిల్ అనే ఎర్రరంగు నుంచి సల్ఫా మందులు పుట్టాయి. రంగులూ, మందులూ దాయాదులన్నమాట!

ఈ దాయాదిత్వం పరవాడలో పనికివస్తుంది. విశాఖపట్నానికి నైరుతి దిక్కున, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉన్న ఈ ఊరి దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ ఉంది. అక్కడ మందులూ, వాటి ముడిపదార్థాలూ తయారవుతాయి. వాడిన నీటిని శుద్ధిచేసి గొట్టం ద్వారా సముద్రంలోకి పంపుతారు. పక్కనున్న తాడి గ్రామస్థులు కాలుష్యం భరించలేక, తమ ఊరిని వేరేచోటికి తరలించమని ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చారు. ముత్యాలమ్మపాలెం జాలరులకు ఆ సముద్రమే పొలం.

మందుల అణువులు చాలావరకు నీళ్ళలో కరిగితే కంటికి కనబడవు. రంగు కనబడుతుంది. అందుకే నీటిని శుభ్రపరిచే కొత్త పదార్థం ఏదైనా తయారైతే, ప్రయోగశాలలో తరచు ముందుగా మిథిలీన్ బ్లూ మీద పరీక్షిస్తారు.

మీరూ ఒక చిన్న ప్రయోగం చేయండి. గాజుగ్లాసు నీళ్ళలో రెండు చుక్కల సిరా వేసి, మెత్తగా నూరిన బొగ్గుపొడి రెండు చెంచాలు కలిపి, రాత్రంతా ఉంచండి. తెల్లవారేసరికి రంగు కొంత తగ్గుతుంది. సిరా అణువులు బొగ్గు ఉపరితలానికి అంటుకున్నాయి. దీన్ని అధిశోషణం అంటారు. సరే, ఇప్పుడు ఆ బొగ్గును నీటినుంచి తీయండి చూద్దాం! గుడ్డలో వడకడితే సన్నని పొడి కిందికి జారిపోతుంది. పొడి ఎంత మెత్తగా ఉంటే అంత ఎక్కువ రంగును పడుతుంది, కాని అంతగానూ చేతికి చిక్కదు.

ఆ పొడిని అయస్కాంతం లాగగలిగితే?

విశాఖ తీరాన నల్ల ఇసుక చారలు చూసే ఉంటారు. కాగితం చుట్టిన అయస్కాంతాన్ని ఆ ఇసుకలో లాగితే కొన్ని రేణువులు కుచ్చులా పట్టుకుంటాయి. అవి చాలావరకు మాగ్నటైట్, అంటే ఇనుమూ ఆక్సిజనూ కలిసిన ఖనిజం. (ఆ నలుపులో ఎక్కువ పాలు ఇల్మనైట్‌ది. అది మామూలు అయస్కాంతానికి అంతగా లొంగదు.) ఫెర్రస్, ఫెర్రిక్ క్లోరైడుల ద్రావణాలు కలిపి అమ్మోనియా పోస్తే ఇదే మాగ్నటైట్ సుమారు 10 నానోమీటర్ల రేణువులుగా దిగుతుంది. ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు రెనే మస్సార్ 1981లో ఈ పద్ధతిని ప్రకటించాడు. నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు. ఈ పని మాత్రం ఇంట్లో వద్దు, మాస్టారి సమక్షంలోనే చేయాలి.

ఇప్పుడొక లెక్క. ఒక సెంటీమీటరు ఘనం ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 10 నానోమీటర్ల ఘనాలుగా కోస్తే మొత్తం ఉపరితలం 600 చదరపు మీటర్లవుతుంది. అంటే సుమారు 15 సెంట్ల నేల! బరువు చూస్తే అయిదు గ్రాముల చిల్లర.

ఇంత చిన్న రేణువులు అయస్కాంతం దగ్గరున్నంతసేపే అయస్కాంతాలవుతాయి. దాన్ని తీసేస్తే ఆ గుణం పోతుంది, మళ్ళీ నీళ్ళలో కలపవచ్చు.

రంగు ఎందుకు అంటుకుంటుంది? మిథిలీన్ బ్లూ అణువుకు ధన విద్యుదావేశం ఉంది. క్షారజలంలో మాగ్నటైట్ ఉపరితలానికి రుణావేశం వస్తుంది, రెండూ ఆకర్షించుకుంటాయి. నీటిని ఆమ్లంగా మారిస్తే ఉపరితలం ధనావేశం పొంది రంగును వదిలేస్తుంది. కాంగో రెడ్ వంటి రుణావేశపు రంగులకు ఇదంతా తలకిందులు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో 1980ల తొలినాళ్ళలోనే ఈ కిటుకును పెద్దఎత్తున వాడారు. అక్కడి భూగర్భజలంలోని గోధుమరంగును మాగ్నటైట్ పొడితో పట్టి, ఆ పొడిని కాస్టిక్ సోడాతో కడిగి మళ్ళీ వాడేవారు. వారి రేణువులు నానో కావు, మైక్రోమీటర్లలో ఉండేవి.

మరి పరవాడలో ఇలాగే చేయవచ్చుగా అంటారేమో. మందుల కర్మాగారాల నీళ్ళలో లవణాలు ఎక్కువ. వాటి అయానులు ముందే వచ్చి రేణువుల చుట్టూ మూగుతాయి, పట్టవలసిన అణువుకు చోటు దొరకదు. ఆవేశం లేని అణువులైతే ఈ ఆకర్షణకు లొంగనే లొంగవు. నీలం వెలిసిన గ్లాసు చూసి ఆ నీళ్ళలో ఇంకేమీ లేదనుకోవడానికి వీల్లేదు.

ఇంకో చిక్కుంది. రేణువులను కడిగిన నీళ్ళలో ఆ రంగంతా చిక్కగా చేరుతుంది. దాన్ని ఏం చేయాలి? ఆవిరిచేసి మిగిలిన మడ్డిని కొలిమిలో కాల్చవచ్చు. లేదా హైడ్రోజన్ పెరాక్సైడ్ కలపవచ్చు. అప్పుడు మాగ్నటైట్‌లోని ఇనుమే పెరాక్సైడ్‌ను విడగొడుతుంది, అందులోంచి పుట్టిన చురుకైన ముక్కలు రంగు అణువులను చీలుస్తాయి. అంటే పట్టిన చేతులే విరిచే పనీ చేస్తాయి, కాని కాస్త నెమ్మదిగా.