విత్తనానికీ ఒక మూలపాఠం ఉంది

సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మా నాన్న ఒక ప్రశ్న వేశాడు. "ఒరే, వడ్లయితే మన గరిసెలోంచి తీసినవే మళ్ళీ చల్లుకుంటాం. పత్తి గింజ మాత్రం ఏటా కొట్టుకెళ్ళి ప్యాకెట్టు కొనాల్సి వస్తోంది. ఎందుకంటావు?" కంప్యూటర్ చదివే నాకు విత్తనాల సంగతి ఏం తెలుసని నవ్వి ఊరుకున్నాను. తీరా ఆలోచిస్తే, జవాబు మా క్లాసు పాఠంలోనే ఉంది!

మనిషి చదవగలిగే రూపంలో రాసిన ప్రోగ్రామును సోర్స్ కోడ్ అంటారు. అంటే మూలపాఠం అన్నమాట. యంత్రానికి కావలసిన రూపంలోకి మార్చిన తరువాత దాన్ని వాడుకోవచ్చే గాని, విప్పి బాగుచేసుకోవడం బహు కష్టం. మూలపాఠాన్ని దాచిపెట్టడం తప్పని 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ ఒక ఉద్యమం లేవదీశాడు. వాడుకోవడం, పరిశీలించడం, మార్చుకోవడం, పంచుకోవడం అందరి హక్కులన్నాడు. 1989లో వచ్చిన ఆయన లైసెన్సులో ఇంకొక షరతు కూడా ఉంది: మార్చినదాన్ని పదిమందికీ పంచేటప్పుడు, నీకు దొరికిన స్వేచ్ఛనే నీ తరువాతివాళ్ళకీ ఇవ్వాలి. ఫిన్లండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ ఈ లైసెన్సు కిందనే పెరిగింది. మన జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆధారం అదే. 'ఓపెన్ సోర్స్' అన్న పేరు 1998లో వచ్చింది.

ఇక విత్తనం సంగతి చూద్దాం. వరి తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందే మొక్క. అంచేత స్థిరపడిన వరి రకంలో పిల్ల తల్లినే పోలి ఉంటుంది. గింజ చేతిలో ఉంటే మూలపాఠం చేతిలో ఉన్నట్టే. హైబ్రిడ్ అలా కాదు. రెండు వేరు వేరు రకాలను కలిపి పుట్టించిన మొదటి తరం ఏపుగా పెరిగి దండిగా కాస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. కాని ఆ పంట గింజలు మళ్ళీ వేస్తే ఒక మొక్క పొడుగు, ఒక మొక్క పొట్టి, కాపు తలోరకం. తల్లిదండ్రుల రకాలు కంపెనీ దగ్గరే ఉండిపోతాయి. అరిసె చేతిలో పెట్టి పాకం గుట్టు చెప్పకపోవడం లాంటిదే ఇది. మన దేశంలో పత్తి ఎక్కువగా హైబ్రిడ్డే. మా నాన్న ప్రశ్నకు జవాబు ఇదీ.

పంచుకుంటే ఏమవుతుందో చూడాలంటే బాపట్ల వెళ్ళాలి. అక్కడి పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అంటే మనం రోజూ తినే సాంబ మసూరి, మూడు రకాల సంతానం. ఒకటి కోయంబత్తూరుకు చెందిన జి.ఇ.బి. 24. రెండవది తైవాన్ పొట్టి వరి. మూడవది మలేషియాలో 1965లో విడుదలైన మసూరి. ఆ మసూరికి మూలమైన సంకరం మన కటక్‌లోనే జరిగింది! 2008లో హైదరాబాద్ శాస్త్రవేత్తలు దీనికే ఎండాకు తెగులును తట్టుకునే శక్తి చేర్చారు. ఎక్కడో ఒకచోట ఎవరైనా తాళం వేసి ఉంటే ఈ గొలుసు తెగిపోయేది కాదా?

అయితే ఊరికే పంచితే చాలదు. ఉచితంగా తీసుకున్నవాడు చిన్న మార్పు చేసి తనదని తాళం వేసుకోవచ్చు. స్టాల్‌మన్ షరతు ఇందుకే అవసరమైంది. అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు, రైతులు 2014 ఏప్రిల్‌లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 14 పంటలకు చెందిన 36 రకాలను ఇలాంటి ప్రతిజ్ఞతో విడుదల చేశారు. 'ఈ విత్తనాన్ని ఏమైనా చేసుకోండి, ఇతరులను మాత్రం అడ్డుకోకండి' అన్నది దాని సారాంశం. ఇక్కడొక చిక్కు ఉంది. ప్రోగ్రాము రాయగానే రచయితకు కాపీరైట్ వస్తుంది, లైసెన్సు దానిమీద నిలబడుతుంది. విత్తనానికి కాపీరైట్ లేదు. అందుకే వాళ్ళు ప్రతిజ్ఞనే నమ్ముకున్నారు. 2017లో జర్మనీలో కొందరు ఒక టమాటా రకానికి లైసెన్సే రాసి చూశారు.

మన 2001 చట్టం కొంత మేలు. రక్షణ పొందిన రకాన్నయినా రైతు దాచుకోవచ్చు, మళ్ళీ వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. బ్రాండు పేరు మీద మాత్రం అమ్మకూడదు. శాస్త్రవేత్త దాన్ని పరిశోధనకు వాడుకోవచ్చు. కాని చట్టం హక్కు ఇస్తుందే గాని గింజకు గుణం ఇవ్వలేదు. హైబ్రిడ్ గింజ దాచుకునే హక్కుతో మా నాన్న ఏం చేసుకుంటాడు?

"అన్నీ పంచిపెడితే శాస్త్రవేత్తకు జీతమెవరిస్తారు?" అని మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒక మంచి రకం తయారుకావడానికి ఏళ్ళు పడుతుంది. సాంబ మసూరికి జీతం ఇచ్చింది ప్రజల పన్ను. కల్తీ లేని, బాగా మొలకెత్తే విత్తనాన్ని శ్రద్ధగా తయారుచేసి అమ్ముకునేవాడికి బేరం ఎప్పుడూ ఉంటుంది. కాని వ్యవసాయ విశ్వవిద్యాలయాల ఖాళీలు నింపకుండా, పొలాలకు డబ్బివ్వకుండా పంచుకోవాలని ఉపన్యాసాలిస్తే లాభం లేదు. పంచడానికి ముందు ఏదో ఒకటి పండాలి కదా!

సెలవులకు ఊరెళ్ళినప్పుడు మీ ఇంట్లో విత్తనం ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కసారి అడగండి. గరిసెలోంచా, ప్యాకెట్టులోంచా? మన చదువుకీ మన ఊరికీ సంబంధం లేదనుకునేవాళ్ళకు ఆ జవాబులోనే మొదటి పాఠం దొరుకుతుంది.