మీకు తెలుసా? వినికిడికీ ఓ వయసుంది

పుట్టుకతోనే వినపడని పాపాయి కూడా మొదటి నెలల్లో అందరు పిల్లల్లాగే కేరింతలు కొడుతుంది, ఊఁ ఊఁ అంటూ ఊసులు చెబుతుంది. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. తేడా ఆ తర్వాతే తెలుస్తుంది. వినే పిల్లలు ఆరు నుంచి పది నెలల మధ్య ‘బబబ’, ‘మమమ’ మొదలుపెడితే, వినపడని బిడ్డకు ఆ దశ బాగా ఆలస్యమవుతుంది. అప్పుడైనా డాక్టరుకు చూపిద్దామంటే, ‘వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయిలే’ అని పెద్దవాళ్లు సర్దిచెబుతారు. ప్రేమతో అన్న మాటే, కానీ దానివల్ల బిడ్డ పోగొట్టుకునేది మళ్లీ రాని కాలం.

నిజానికి అనుమానం వచ్చేదాకా ఆగక్కర్లేదు. నిద్రపోతున్న పసిబిడ్డ చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి కొద్ది నిమిషాల్లో ఓఏఈ పరీక్ష చేసేస్తారు. అందులో తేడా ఉంటే, శబ్దానికి నరం స్పందిస్తోందో లేదో చూసే బెరా పరీక్ష. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు: వైద్యులు పెట్టుకున్న గడువులు ఇవి. మేనరికాలు ఉన్న కుటుంబాల్లో పుట్టుకతో వచ్చే చెవుడు ముప్పు ఎక్కువ కాబట్టి, వాళ్లు ఈ పరీక్ష అడిగి మరీ చేయించుకోవాలి.

ఆ చికిత్సల్లో హియరింగ్ ఎయిడ్ శబ్దాన్ని పెంచుతుంది. శస్త్రచికిత్సతో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ పని అది కాదు. లోపలి చెవిలో నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగి ఉండే కాక్లియాలో, శబ్దాన్ని వినికిడి నరానికి అందించే లోపలి వరుస కేశకణాలు దాదాపు 3,500 ఉంటాయి. అవి దెబ్బతింటే ఎంత గట్టిగా అరిచినా లాభం లేదు. ఇంప్లాంట్ వాటిని దాటుకుని, సన్నని తీగ మీది ఎలక్ట్రోడ్లతో (కొన్ని రకాల్లో 22) నేరుగా నరాన్నే తట్టి లేపుతుంది. ఆ చుట్లలోకి తీగను ఎలా పంపాలో తెలియక ఆస్ట్రేలియా వైద్యుడు గ్రేమ్ క్లార్క్ చాలాకాలం సతమతమయ్యారు. 1977లో సముద్రతీరంలో దొరికిన గుల్లలోకి గడ్డిపరకలు దూర్చి చూశారు. కొస మెత్తగా, మొదలు బిగువుగా ఉన్న పరక లోపలిదాకా వెళ్లింది. మరుసటి ఏడాదే మెల్‌బోర్న్‌లో తన తొలి ఇంప్లాంట్ శస్త్రచికిత్స చేశారు. 

అమెరికాలో 1990లో రెండేళ్లు నిండిన పిల్లలకు ఇంప్లాంట్ అనుమతించారు. 2000లో ఆ వయసు 12 నెలలకు, 2020లో తొమ్మిది నెలలకు దిగింది. ఎందుకంత తొందరంటే, మెదడు ఖాళీగా కూర్చోదు. శబ్దం అందని భాగాన్ని చూపు వంటి ఇతర పనులకు వాడేసుకుంటుంది. మూడున్నరేళ్లలోపు ఇంప్లాంట్ పెడితే మెదడు శబ్దానికి స్పందించే తీరు త్వరగానే మామూలు స్థాయికి వస్తుందనీ, ఏడేళ్లు దాటాక ఆ అవకాశం బాగా తగ్గిపోతుందనీ అను శర్మ, మైకేల్ డోర్మన్ బృందం 2002లో చూపించింది.

ఆపరేషన్ రోజున ఏమీ వినపడదు. గాయం మానాక, కొన్ని వారాలకు చెవికి బయట తగిలించే యంత్రాన్ని (ప్రాసెసర్) స్విచ్ ఆన్ చేస్తారు. ఆ రోజు చాలామంది పిల్లలు ఏడుస్తారు, కంగారు పడొద్దు. బిడ్డ వినికిడి వయసు ఆనాటి నుంచే లెక్క. రెండేళ్లకు ఆన్ చేస్తే, మూడో పుట్టినరోజుకు ఆ చెవులకు ఏడాదే నిండినట్టు.

ఇక రోజూ పొద్దున ఇంట్లో చేసే చిన్న పరీక్ష ఒకటుంది. ఆ, ఈ, ఊ, మ్, ష్, స్. డేనియల్ లింగ్ అనే నిపుణుడు ఎంచిన ఈ ఆరు ధ్వనుల్లో మాటకు కావలసిన శ్రుతి స్థాయిలన్నీ వచ్చేస్తాయి. ‘మ్’ అన్నిటికన్నా కింద, ‘స్’ అన్నిటికన్నా పైన. పెదవులు కనపడకుండా అమ్మ పక్కన కూర్చుని ఒక్కొక్కటే అంటుంది. వినపడినప్పుడల్లా బిడ్డ ఒక బంతి బుట్టలో వేస్తుంది. నిన్నటిదాకా ‘స్’కు బంతి వేసిన పిల్ల ఇవాళ ఊరుకుందంటే, వైరో మైకో చూడాలి, లేదా ఆడియాలజిస్టుకు ఫోన్ చేయాలి. పైసా ఖర్చు లేని ఈ పరీక్షను మించింది ఇంట్లో మరొకటి లేదనిపిస్తుంది నాకు.

యంత్రం శబ్దాన్నే ఇస్తుంది, భాష ఇంట్లోవాళ్లే ఇవ్వాలి. తాలింపు చుయ్‌మన్నప్పుడు చెవి చూపించి, ‘విన్నావా? అమ్మ పోపు పెడుతోంది’ అనాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకం ఈ సంగతి గుర్తించింది. ఒక్కో కేసుకు గరిష్ఠంగా ఇచ్చే 6.50 లక్షల రూపాయల్లో ఆపరేషన్‌తో పాటు, విని మాట్లాడటం నేర్పే ఆడిటరీ వెర్బల్ థెరపీని కూడా కలిపింది. ఆ థెరపీకి మధ్యలో స్వస్తి చెప్పొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

సంకేత భాష నేర్పితే నోటి మాట రాదన్న భయం చాలామందిలో ఉంది. కానీ సంకేతాలూ భాషే. 1991లో లారా పెటిట్టో బృందం చూపించిందేమిటంటే, సంకేతాలతో మాట్లాడుకునే ఇంట్లో పెరిగే వినపడని పాపాయిలు ‘బబబ’ను చేతులతో అంటారు! అలాంటి ఇళ్లలోనే ఇంప్లాంట్ పెట్టుకున్న పిల్లలను 2014లో మరో బృందం పరిశీలించింది. చిన్న అధ్యయనమే గానీ, వాళ్ల నోటి మాట ఏమీ వెనకబడలేదు. ప్రాసెసర్ తీసేస్తే బిడ్డకు మళ్లీ నిశ్శబ్దమే కాబట్టి, స్నానం దగ్గర, పడక మీద ఆ సంకేతాలే అక్కరకొస్తాయి. ఢిల్లీలోని భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికే 10,000 పదాల నిఘంటువు తెచ్చింది. నేర్చుకోదలచిన తల్లిదండ్రులు దానితో మొదలుపెట్టొచ్చు.