అమెజాన్ నుంచి అంచెట్టి దాకా: అడవి గురించి అపోహలు – వాస్తవాలు

2019 ఆగస్టులో అమెజాన్ అడవి తగలబడుతున్న ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. తమిళనాడులోని పోచంపల్లి, కృష్ణగిరి, హొసూరు ప్రాంతాల్లోని మన తెలుగువాళ్ల ఫోన్లలోకీ వచ్చాయి. చూసినవాళ్లంతా బాధపడ్డారు. ఆ బాధలో నిజం ఉంది. అయితే ఆ ఫొటోలతో పాటు వచ్చిన మాటల్లో సగం తప్పులే. అంతకన్నా విచారించాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. మన కృష్ణగిరి జిల్లాలోనే, పడమటి దిక్కున తళి, జవలగిరి, డెంకణికోట, అంచెట్టి, ఊరిగం వైపు పరుచుకున్న మేలగిరి అడవుల గురించి మనకు తెలిసింది చాలా తక్కువ. తప్పుగా తెలుసుకున్న అడవిని సరిగా కాపాడలేం. అందుకే ఎక్కువగా వినిపించే అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ 1: మనం పీల్చే ఆక్సిజన్‌లో 20 శాతం అమెజాన్ అడవే ఇస్తోంది.

వాస్తవం: అమెజాన్ చెట్లు ఆక్సిజన్‌ను పెద్ద మొత్తంలోనే విడుదల చేస్తాయి. కానీ ఆ చెట్లు శ్వాసించడానికి, రాలిన ఆకులూ కొమ్మలూ కుళ్లడానికి దాదాపు అంతే ఆక్సిజన్ ఖర్చవుతుంది. చివరికి బయటి ప్రపంచానికి మిగిలేది సున్నాకు దగ్గర. గాలిలో ఉన్న 21 శాతం ఆక్సిజన్ కోట్ల ఏళ్లుగా పేరుకున్నది. ఒక అడవి పోతే అది తరిగిపోదు.

మరి అమెజాన్‌ను ఎందుకు కాపాడాలి? కారణాలు ఇంతకన్నా బలమైనవి. ఆ చెట్లలో, నేలలో పది వేల కోట్ల టన్నులకు పైగా కార్బన్ నిలవ ఉంది. నరికి కాలిస్తే అది గాలిలో కలిసి భూమిని ఇంకా వేడెక్కిస్తుంది. అట్లాంటిక్ సముద్రం మీది నుంచి వచ్చే తేమను ఆ అడవి వానగా దింపుకుంటుంది, ఆకుల ద్వారా మళ్లీ ఆవిరిగా పైకి పంపుతుంది. ఆ ఆవిరే గాలితో సాగిపోయి దక్షిణ బ్రెజిల్ పొలాల మీద వానై కురుస్తుంది. అడవి పోతే ముందు పోయేది వాన.

అపోహ 2: అడవిని నాశనం చేసేది అక్కడ బతికే ఆదివాసులు, పేదలే.

వాస్తవం: అమెజాన్‌లో నరికిన నేలలో ఎక్కువ భాగం పశువుల మేత బీళ్లుగా మారింది. దాని వెనక మాంసం వ్యాపారం, భూముల ఆక్రమణ ఉన్నాయి. ఆదివాసుల హక్కులను చట్టం గుర్తించిన ప్రాంతాల్లోనే నరికివేత చాలా తక్కువ. బ్రెజిల్‌లో అడవి కోసం ప్రాణమిచ్చిన చీకో మెండిస్ రబ్బరు పాలు తీసి బతికిన కూలీ. చెట్టును నరకకుండా దాని మీద బతకవచ్చని కార్మికులను కూడగట్టాడు. 1988 డిసెంబరులో ఆయనను కాల్చి చంపారు. 1990లో బ్రెజిల్ ప్రభుత్వం ఆయన పేరుతోనే దాదాపు 9.7 లక్షల హెక్టార్ల అడవిని కాపాడుతూ, అందులో స్థానికులు బతుకుతెరువు వెతుక్కునే హక్కును కూడా నిలబెట్టింది.

మన దగ్గరా అంతే. మేలగిరి అడవుల్లో, అంచుల్లో ఉండే ఇరుళర్ ఆదివాసులు, పశువుల కాపరులు, చిన్న రైతులకు ఆ అడవి దారులు, వాగులు, చెట్లు బాగా తెలుసు. 2006 అటవీ హక్కుల చట్టం అలాంటివాళ్లకు హక్కులిచ్చింది, అడవిని కాపాడే అధికారమూ ఇచ్చింది. వాళ్లను దొంగలుగా చూసే ఏ పథకమూ నిలవదు.

అపోహ 3: అమెజాన్‌దే అసలైన అడవి. మనది ఎండకు మాడిపోయే ముళ్లకంప.

వాస్తవం: ఏడాదంతా వానలు కురిసే చోట అడవి ఒక తీరుగా ఉంటుంది, నెలల తరబడి ఎండకాసే చోట మరో తీరుగా ఉంటుంది. మనది ఆకురాల్చే పొడి అడవి. ఎండాకాలంలో ఆకు రాల్చడం నీటిని పొదుపు చేసుకునే తీరు, చచ్చిపోవడం కాదు. చిరుమాను, చండ్ర, గంధం, వెదురు గుట్టల మీద, మద్ది, చింత, నేరేడు వాగుల పక్కన పెరుగుతాయి. ఆ వాగుగట్టు చెట్ల మీదే అరుదైన బూడిదరంగు పెద్ద ఉడుత కాపురం. ఈ అడవుల వెంట పారే కావేరి నదిలో మొసళ్లు, నీటికుక్కలు, మెత్తని చిప్ప ఉన్న పెద్ద తాబేళ్లు ఉన్నాయి.

ఈ విలువను గుర్తించే తమిళనాడు ప్రభుత్వం 2014లో 504 చదరపు కిలోమీటర్లను కావేరి ఉత్తర అభయారణ్యంగా ప్రకటించింది. 2022 నవంబరులో కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లోని మరో 686 చదరపు కిలోమీటర్లను కావేరి దక్షిణ అభయారణ్యంగా ప్రకటించింది. దీంతో మన అడవి కర్ణాటకలోని కావేరి అభయారణ్యంతో చట్టబద్ధంగా కలిసింది. ఏనుగులకు రాష్ట్రాల సరిహద్దు తెలియదు కాబట్టి, ఇలా అడవికి అడవి కలవడమే వాటికి ప్రాణాధారం.

అపోహ 4: పచ్చగా ఉంటే అడవి బాగున్నట్టే.

వాస్తవం: ఈ అపోహ వల్లే మనం కళ్లెదుట జరుగుతున్న నష్టాన్ని చూడలేకపోతున్నాం. ఎరుపు, పసుపు, గులాబీ రంగుల పూలగుత్తులతో అడవి నిండా అల్లుకున్న లంటానా పొద మధ్య, దక్షిణ అమెరికాల నుంచి వచ్చింది. 19వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్‌వాళ్లు అందం కోసం కలకత్తా తోటలో నాటారు. అక్కడి నుంచి దేశమంతా పాకింది. పులులు తిరిగే అడవుల్లో 40 శాతానికి పైగా దీని బారిన పడ్డాయని వన్యప్రాణి శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. చెరువుల్లో, బీళ్లలో దట్టంగా పెరిగే సర్కారు తుమ్మ కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చిందే.

లంటానా కింద గడ్డి మొలవదు, చెట్ల పిల్లమొక్కలు ఎదగవు. దాని ఆకును జింకలూ పశువులూ ముట్టవు, తింటే రోగం. ఎండితే నిప్పు అందుకుని మంట చెట్ల కొమ్మల దాకా లేస్తుంది. గొడ్డలితో పైపైన నరికితే మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. నేల మట్టానికి కాస్త కింద, చిగుళ్లు పుట్టే చోటికి దిగువన వేరును కోసి, పొదను తలకిందులుగా పడేయాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం ఈ పద్ధతిని రూపొందించింది. తీసేశాక కొన్నేళ్ల పాటు కొత్త మొలకలను పీకుతూ ఉండాలి, అప్పుడే గడ్డి నిలదొక్కుకుంటుంది.

హొసూరులోని కెన్నెత్ అండర్సన్ నేచర్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ అటవీశాఖతో, స్థానిక గ్రామస్థులతో కలిసి ఇలాంటి పనే చేస్తోంది. ఈ అడవుల గురించి పుస్తకాలు రాసిన వేటగాడు, రచయిత కెన్నెత్ అండర్సన్ పేరు దానికి పెట్టుకున్నారు. పొదలు తీసే పనిలో ఊరివాళ్లకు కూలి దొరుకుతుంది, అడవికి గడ్డి దొరుకుతుంది. దక్షిణ అమెరికాలో అడవిని కాపాడే సంస్థలకూ మన సంస్థకూ ఉన్న పోలిక ఇదే: దగ్గర బతికేవాళ్ల చేయి లేకుండా అడవి నిలవదని రెండు చోట్లా తేలింది.

అపోహ 5: ఏనుగులు దారి తప్పి ఊళ్ల మీద పడుతున్నాయి.

వాస్తవం: ఏనుగులు తిరిగే దారులు మన ఊళ్ల కన్నా పాతవి. వానాకాలం అయ్యాక, రాగి పైరు కంకి పట్టే వేళకు, కర్ణాటకలోని బన్నేర్‌ఘట్ట వైపు నుంచి మందలు జవలగిరి, డెంకణికోట, హొసూరు అడవుల్లోకి ఏటా దిగుతాయి. 1980లలో ఈ అడవుల నుంచే కొన్ని కుప్పం, పలమనేరు వైపు వెళ్లి స్థిరపడ్డాయి. 1990లో ఆంధ్రప్రదేశ్‌లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడటానికి అవే కారణం. ఇప్పుడు దారి మధ్యలో రోడ్లు, లేఅవుట్లు, క్వారీలు వచ్చాయి. అడవిలో గడ్డి చోట లంటానా వచ్చింది. అవతల పక్కన రాగి కంకి కనబడుతోంది.

రైతు నష్టం నిజం, ఒక రాత్రిలో ఏడాది కష్టం పోతుంది. పరిహారం త్వరగా అందాలి, మందల కదలిక ముందే తెలియాలి, అనుమతి ఉన్న సోలార్ కంచెలను ఊరంతా కలిసి నిర్వహించుకోవాలి. కరెంటు లైను నుంచి నేరుగా తీగ లాగడం మాత్రం నేరం. 2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్లి దగ్గర అలాంటి తీగకు మూడు ఏనుగులు బలయ్యాయి, రెండు పిల్లలు తల్లుల్లేక మిగిలాయి. ఆ తీగ మనిషినైనా అలాగే చంపుతుంది.

అపోహ 6: పోయిన అడవికి మొక్కలు నాటడమే మందు.

వాస్తవం: నాటడం ఒక పని మాత్రమే. అంతకన్నా ముందు చేయాల్సినవి రెండు: ఉన్నదాన్ని పోనివ్వకపోవడం, మళ్లీ పెరగడానికి వీలివ్వడం. అనంతపురం ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ 1990ల నుంచి చేసిన పని ఇందుకు నిదర్శనం. నిప్పు రాకుండా, మేత అదుపులో ఉండేలా ఊళ్లవాళ్లే కాపలా కాశారు. నేలలో మిగిలి ఉన్న వేళ్లు, విత్తనాలు వాటంతటవే లేచి, ఎడారిలా ఉన్న గుట్టలు వేల ఎకరాల కల్పవల్లి అనే అడవి అయ్యాయి. నీలగిరి చెట్లు వరుసలుగా వేసి దాన్ని అడవి అనడం సరికాదు. అడవి అంటే చెట్టు, గడ్డి, పొద, పురుగు, పిట్ట, వాగు అన్నీ కలిసినదే.

అపోహ 7: ఎవరెన్ని చేసినా అడవుల నరికివేత ఆగదు.

వాస్తవం: బ్రెజిల్ ప్రభుత్వ ఉపగ్రహ లెక్కలే దీనికి జవాబు. 2004లో ఆ దేశపు అమెజాన్‌లో 27,772 చదరపు కిలోమీటర్ల అడవి పోయింది. ఉపగ్రహ నిఘా, కఠిన చట్టం, కొత్త రక్షిత ప్రాంతాలు, స్వచ్ఛంద సంస్థల ఒత్తిడి కలిసి 2012 నాటికి దాన్ని 4,571కి తగ్గించాయి. పట్టు సడలగానే 2021లో 13,038కి ఎగబాకింది. మళ్లీ బిగించాక 2024లో 6,518కి దిగింది. ప్రభుత్వ లెక్కలతో పాటు ఇమజాన్ అనే స్వచ్ఛంద సంస్థ కూడా సొంతంగా ఉపగ్రహ చిత్రాలు చూసి ఎక్కడ అడవి పోతోందో నెలనెలా బయటపెడుతుంది. నరికివేత ఆగేది, పెరిగేది మనుషుల నిర్ణయాన్ని బట్టే.

పోచంపల్లి వాళ్లు అమెజాన్‌కు వెళ్లి కాపలా కాయనక్కర్లేదు. మన జిల్లా అడవికి మాత్రం మనమే కావలి. వేసవిలో అడవి అంచున నిప్పు పెట్టకండి, పెడుతుంటే అటవీశాఖకు చెప్పండి. హొగెనకల్ జలపాతం వైపు వెళ్లేటప్పుడు ప్లాస్టిక్ అక్కడ వదిలి రాకండి. ఏనుగు దారిలో లేఅవుట్ వేస్తుంటే గ్రామసభలో అడ్డు చెప్పండి. సెలవు రోజున లంటానా తీసే పనికి ఒకసారి పిల్లలతో సహా వెళ్లండి. అడవి గురించి వచ్చే ప్రతి సందేశాన్నీ పంచే ముందు అది నిజమో కాదో చూసుకోండి.