గోదావరి ఒడ్డున చిత్రశాల

బొమ్మలు వేయడం కూటికి రాని విద్య అని మన ఇండ్లలో పెద్దలు అనడం కద్దు. అందులో నిజం లేకపోలేదు. అయినను లాభం చూసుకోక బొమ్మలకొక నీడ కల్పించినవారు మన తెలుగువారిలో ఉన్నారు.

దామెర్ల రామారావుగారు 1897లో రాజమహేంద్రవరంలో జన్మించారు. ఆయన నేర్పును గుర్తించినవారు అక్కడి ఆర్ట్సు కళాశాల ప్రిన్సిపాలు కూల్డ్రే దొర. ఆ ప్రోత్సాహంతో బొంబాయి వెళ్ళి చిత్రకళ అభ్యసించి, తిరిగివచ్చి 1923లో చిత్రకళాశాల తెరిచారు. మన గంజాము కూడ అప్పుడు మద్రాసు రాజధానిలోనిదే గదా! 1925 ఫిబ్రవరిలో మశూచికం ఆయనను తీసుకొనిపోయింది. అప్పటికి ఇరవై ఎనిమిదేండ్లు నిండలేదు.

అంతటితో తలుపులు మూసివేసినా ఎవరూ తప్పుపట్టేవారు కారు. కాని మిత్రులు వరదా వెంకటరత్నంగారు పాఠాలు సాగించారు. భార్య సత్యవాణిగారు, సోదరి బుచ్చికృష్ణమ్మగారు కూడ చిత్రకారిణులే. రామారావుగారి చిత్రాలు చెల్లాచెదురు కాకుండా ఆ ఊళ్ళోనే చిత్రశాలగా నిలిచాయి. తరువాత దానిని ప్రభుత్వం చేపట్టింది. ‘పుష్పాలంకారం’, ‘నందిపూజ’ వంటి చిత్రాలతో ఆయన పేరు నేటికీ నిలిచి ఉన్నది.

ఇక మన అస్కా మాట. మన పిల్లలు బడిలో ఒడియా వ్రాస్తారు, ఇంట తెలుగు మాట్లాడతారు. బొమ్మకు ఏ లిపీ అక్కరలేదు. పొరుగు పిల్లలు కూడ పక్కన కూర్చుని వేయవచ్చు. సంఘం గదిలో ఒక గోడ, ఆదివారం రెండు గంటలు, నాలుగు రంగుడబ్బాలు—మావంటి గుమాస్తాల జీతాలకు కూడ ఇది మించిన పని కాదు. మొదలుపెట్టడానికి ఒక్కరు చాలు. తాళంచెవులు మాత్రం నలుగురి దగ్గర ఉండాలి.