చెరకు ఒకటే, చట్టాలు రెండు

తిరుపతికి వచ్చినవాళ్ల చూపు ముందు కొండ మీదికే పోతుంది. ఆ కొండ పాదాల దగ్గర, 1954లో పుట్టిన శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆగ్నేయాసియా, పసిఫిక్ దేశాల అధ్యయన విభాగం ఒకటుంది. వియత్నాం నుంచి ఫిజీ దాకా ఎవరి పాలన ఎట్లా నడిచింది, ఎవరి బతుకు ఎంత బాగుపడింది అన్నది అక్కడి చదువు. సముద్రం కనిపించని ఊళ్లో ఈ చదువెందుకని అడిగేవాళ్లకు నా జవాబు గిర్మిట్ కాగితం.

1903లో మద్రాసు రేవు నుంచి ఫిజీ చెరకు తోటలకు కూలీల ఓడలు మొదలయ్యాయి. 1916లో ఆగేసరికి పదిహేను వేల మందికి పైగా వెళ్లారు. ఐదేళ్ల అగ్రిమెంటు కూలీల నోట గిర్మిట్ అయింది. ఒక్కొక్కరి పేరిట ఒక పాసు. తండ్రి పేరు, కులం, ఎత్తు, ఒంటి మీది మచ్చ, జిల్లా, తాలూకా, ఊరు అన్నీ అందులో రాసేవాళ్లు. ఎక్కువ మందిని పంపిన జిల్లాల్లో ఉత్తర ఆర్కాటు ఒకటి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, చంద్రగిరి తాలూకాలు అందులోవే. అందుకే ఉత్తర ఆర్కాటు అని కనబడగానే అరవవాళ్లేలే అని పాసు పక్కన పెట్టేయకూడదు. తాలూకా గడి కూడా చదవాలి.

ఇక్కడ ఉండిపోయినవాళ్లలోనూ ఎందరిదో చెరకు బతుకే. పెనుమూరు, తవణంపల్లె వైపు బెల్లం వండేటప్పుడు చూడాలి. గానుగాడిన రసం వెడల్పాటి పెనంలో పోసి, కింద ఎండిన చెరకు పిప్పినే ఎగదోస్తారు. పొంగొచ్చినప్పుడల్లా మడ్డి తీస్తారు. పాకం ముదిరిందో లేదో చన్నీళ్లలో చుక్క వేసి వేళ్ల మధ్య నలిపి చూస్తారు. ఫిజీ వెళ్లినవాళ్ల వేళ్లకు ఆ పని ఉండేది కాదు. చెరకు కొట్టి సీఎస్ఆర్ అనే చక్కెర కంపెనీ మిల్లుకు తోలడమే.

నేల ఎవరిదన్న దగ్గర దారులు చీలాయి. ఇక్కడ 1948 చట్టం పుంగనూరు, కాళహస్తి వంటి జమీందారీలను రద్దుచేసి రైతు చేతికి పట్టా ఇచ్చింది. భూమిలేని కూలీకి మాత్రం ఆ చట్టంతో ఒరిగింది లేదు. ఫిజీలో 80 శాతానికి పైగా నేల మూలవాసి వంశాలది, అమ్మకం కుదరదు. ఆ కట్టుబాటు తప్పని నేననను. అది లేకుంటే ఆ నేల తోటల కంపెనీల పాలయ్యేది. కానీ గిర్మిట్ కూలీల వారసులైన చెరకు రైతులకు మిగిలింది ముప్పయ్యేళ్ల కౌలు. 1997 నుంచి ఆ గడువులు తీరుతుంటే, తాత చదును చేసిన చేను వదిలి ఎన్నో కుటుంబాలు కదిలిపోయాయి.

ఓటు దగ్గరా అంతే. 1951–52 ఎన్నికల్లోనే మన జమీందారుకూ పాలేరుకూ ఒకే జాబితా. 1970లో స్వతంత్రమైన ఫిజీ 52 సీట్లను జాతులవారీగా పంచింది: మూలవాసులకు 22, భారతీయులకు 22, మిగతావాళ్లకు 8. 1987లో సైన్యం ప్రభుత్వాన్ని కూల్చింది. 1999లో మహేంద్ర చౌదరి భారత సంతతి నుంచి తొలి ప్రధాని అయ్యారు. ఏడాది తిరిగిందో లేదో, 2000 మే 19న పార్లమెంటులోనే బందీ అయ్యారు. జాతివారీ సీట్లు పోవడానికి 2013 రాజ్యాంగం రావాల్సి వచ్చింది.

తిరుపతిలోని ఆ అధ్యయన విభాగం పిల్లలు ఒక్క పనికి పూనుకుంటే చూడాలని ఉంది. చంద్రగిరి తాలూకా పాసు ఒకటి పట్టుకుని, అందులో రాసిన ఊరికి పోయి, గానుగ దగ్గర కూర్చున్న పెద్దాయనను అడగాలి: "మీ ఇండ్లల్లో ఓడెక్కి పోయినోళ్లు ఎవరన్నా ఉండారా తాతా?"