కోడి మెడ తిరిగితే: పక్షుల నరముల పరీక్ష

తెల్లవారి గంప ఎత్తగానే కోడి నిలబడలేక పక్కకు ఒరిగిపోయినదనుకొందాము. లేదా మెడ తాడు పేనినట్లు మెలితిరిగి, ముక్కు ఆకాశము వంకకు పెట్టి కూర్చున్నదనుకొందాము. ఇంటిల్లిపాదీ అనే మాట ఒకటే: “కొక్కెర తగిలింది.” ఆ తరువాత జరిగేది మన గ్రామములలో అందరూ ఎరిగినదే. ఆ కోడి ఆ పూటకే కూర అవుతుంది. తక్కినవి వచ్చిన ధరకు సంతలో అమ్ముడుపోతాయి. నిజముగా కొక్కెరయే అయితే ఆ సంత కోళ్ళు రోగమును నాలుగు ఊళ్ళకు పంచిపెడతాయి. కాకపోయినట్లయితే, పిడికెడు తవుడుతో లేచి తిరగవలసిన కోడి అన్యాయముగా చచ్చినదన్న మాట.

కావున రోగము పేరు చెప్పేముందు, దెబ్బ తిన్న చోటు ఏదో కనుక్కోవలె. మెదడా, చిన్నమెదడా, వెన్నుపామా, లేక కాలికి పోయే నరము మాత్రమేనా? పశువైద్యులు పక్షుల నరములను పరీక్షించే పద్ధతి అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

పరీక్ష చేతితో గాక కంటితో మొదలవుతుంది. పక్షి తన జబ్బును దాచుకొనే ప్రాణి. జబ్బుపడిన దానినే గద్ద ముందుగా తన్నుకొనిపోతుంది గనుక, మనిషి దగ్గరకు వచ్చేసరికి ఉన్న సత్తువ కూడగట్టుకొని నిటారుగా నిలుస్తుంది. అందుచేత వైద్యుడు ముందు దూరముగా నిలిచి చూస్తాడు. తల ఒక పక్కకు వాల్చుతున్నదా, గింజను పొడవబోయి పక్కన పొడుస్తున్నదా, అడుగు తడబడుతున్నదా అని గమనిస్తాడు. మేత ఏమిటి, టీకాలు పడినవా, ఎన్ని కోళ్ళకు ఇట్లా ఉన్నది అని ఇంటివారిని అడుగుతాడు. ఈ ప్రశ్నలకు చెప్పే సమాధానములలోనే సగము నిదానము ఉన్నదని మా అభిప్రాయము.

ఆ తరువాతనే పక్షిని పట్టుకోవడము. ఇందులో ఒక ప్రమాదము కలదు. మనకు రొమ్ముకూ పొట్టకూ నడుమ ఊపిరి ఆడించే కండరపు పొర ఉన్నది; పక్షికి అట్టిది లేదు. రొమ్ముటెముక లోపలికీ వెలుపలికీ కదిలితేనే దానికి గాలి ఆడుతుంది. గుప్పిట బిగించి రొమ్ము నొక్కితే, ముక్కు తెరిచి ఉన్నా పక్షి ఊపిరాడక చస్తుంది.

ఆరోగ్యముగా ఉన్న కోడిని రెండు చేతులతో మెల్లగా పట్టుకొని మొండెమును అటూ ఇటూ కదిలించండి. మొండెము కదులుతుంది గాని తల మాత్రము గాలిలో మేకు కొట్టినట్లు ఉన్నచోటనే నిలుస్తుంది. చెవి లోపలి తూనిక యంత్రమూ, చిన్నమెదడూ, మెడ కండరములూ కలిసి చేసే పని ఇది. తల మొండెముతో పాటు ఊగిపోతే ఆ మూడింటిలో ఎక్కడో లోపమున్నదని తెలుసుకోవలె. చిన్నమెదడు పని ఏమిటో లోకానికి చూపించినది కూడా ఒక పక్షియే. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్లూరెన్స్ 1824లో ప్రచురించిన ప్రయోగములలో, చిన్నమెదడు తీసివేసిన పావురము చూడగలిగినది, వినగలిగినది, ఎగరబోయినది. కాని అడుగుకూ రెక్కకూ పొందిక చాలక పడిపోయినది.

కంటి పరీక్ష దగ్గర మాత్రము మనుష్యుల వైద్యము నేర్చినవారు సైతము పొరబడే అవకాశమున్నది. మన కంటిలోనికి దీపము వేస్తే నల్లపాప తనంత తాను ముడుచుకొంటుంది. ఒక కంటికి వేసినా రెండవదీ ముడుచుకొంటుంది. పక్షిలో ఈ లెక్క కుదరదు. దాని కనుపాపను ఆడించే కండరము మన చేతుల కండరముల జాతికి చెందినది. అందుచేత అది చాలవరకు పక్షి ఇష్టమును బట్టి ఆడుతుంది. చిలుకకు కోపము వచ్చినప్పుడు కనుపాప గబగబ చిన్నదీ పెద్దదీ అవుతూ ఉండడానికి కారణమదే. బెదిరిన పక్షి దీపము వేసినా పాపను ముడవకపోవచ్చును. అంత మాత్రాన అది గుడ్డిదని తీర్మానించరాదు. అదిగాక పక్షి దృష్టి నరములు రెండూ పూర్తిగా ఒకదానినొకటి దాటి ఎదుటి పక్క మెదడుకు పోతాయి. కనుక ఒక కంటికి వెలుగు వేసి రెండవ కంటిలో మార్పు కోసము ఎదురుచూడడము వృథా. ఒక్కొక్కప్పుడు మార్పు కనబడినా, రెండు కండ్ల నడుమ ఉన్న సన్నని ఎముక పలక గుండా ఆ వెలుగే అవతలికి పోయి ఉండవచ్చును.

ఇక కాళ్ళ సంగతి. కోడిని కోసిన తరువాత మొండెము గిలగిల కొట్టుకోవడము చూడనివారు అరుదు. తల లేదు, రెక్కలూ కాళ్ళూ ఆడుతున్నవి. ఆ ఆటకు కావలసిన ఏర్పాటు వెన్నుపాములోనే ఉన్నదన్న మాట. ఈ చిన్న సంగతి గుర్తుంటే వైద్యుడు కాలివేలును గిల్లడములోని అర్థము బోధపడుతుంది. గిల్లగానే కాలు వెనుకకు లాగుకొన్నదంటే నొప్పి తెలిసినదని కాదు. కాలి నుంచి వెన్నుపాముకూ, అక్కడి నుంచి తిరిగి కాలికీ దారి బాగున్నదని మాత్రమే. కోడి అరచినా, తల తిప్పి చూచినా, పొడవబోయినా అప్పుడు వార్త మెదడుకు అందినట్లు. కాలు లాగుకొంటుంది గాని ముఖములో చలనము లేదంటే దెబ్బ వెన్నుపాములో ఇంకా పైన ఎక్కడో ఉండవచ్చును. అరుస్తుంది గాని లాగుకోలేదంటే కండరమునకు ఆజ్ఞ తెచ్చే దారి చెడి ఉండవచ్చును. రెండూ లేకుంటే ఆ కాలి నరమునే ముందు అనుమానించవలె.

పాదమును వెనుకకు మడిచి నేల మీద ఆనించి చూడడము, వేలి మీద నిలిపి రెండు కాళ్ళ పట్టు సమానమా అని చూడడము, పట్టుకొన్న పక్షిని చటుక్కున కిందికి దించి రెండు రెక్కలూ ఒక్కసారి విప్పుతున్నదా అని గమనించడము కూడా ఇట్టివే. మలద్వారము వద్ద తాకితే అది ముడుచుకోవలె. లేకుంటే వెన్నుపాము చివరి భాగము చెడినదని అనుమానము.

ఇక్కడ ఒక విచిత్రము చెప్పవలె. పక్షి కాళ్ళకు పోయే నరములు కొన్ని మూత్రపిండముల గుండా దూరి పోతాయి. మన ఇండ్లలో ‘లవ్ బర్డ్స్’ అని పిలిచే చిన్న పిట్టలు ఆస్ట్రేలియా దేశపు బడ్జెరిగార్లు. వాటిలో ఒకటి ఉన్నట్లుండి ఒక కాలు కుంటితే, కాలు విరిగినదని కట్టు కట్టేవారున్నారు. పలు సందర్భములలో అసలు దోషము మూత్రపిండములో పుట్టిన కంతి నరమును నొక్కడము. (మన దేశపు రామచిలుకను పంజరములో పెట్టుకోవడము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము గనుక దాని ప్రసక్తి ఇక్కడ తేలేదు.)

చోటు తెలిస్తే పేరు చెప్పడము కొంత సులభమవుతుంది. కోడిపెట్ట తల చక్కగా ఉండి, కన్ను చురుకుగా ఉండి, ఒక కాలు ముందుకూ ఒక కాలు వెనుకకూ చాచి పడి ఉంటే మారెక్ రోగమును తలచుకోవలె. 1907లో దీనిని వర్ణించిన హంగేరీ పశువైద్యుని పేరు అది. ఇందులో వాపు కాలి నరములోనే మొదలు కావచ్చును. టీకా గుడ్డు నుంచి వెలువడిన దినముననే పడవలె. రోగము వచ్చిన తరువాత చేయగలది లేదు. పిల్లల కాలివేళ్ళు లోపలికి ముడుచుకొని మడమల మీద నడుస్తూ ఉంటే అది ‘బి2’ విటమిను లోపము. త్వరగా గుర్తిస్తే నయమవుతుంది, ఆలస్యమైతే నరము తిరిగి కోలుకోదు.

తల వెనుకకు విరిచి ఆకాశము చూసే కోడిలో ‘బి1’ లోపమును కూడా తలచుకోవలె. 1890 ప్రాంతమున జావా ద్వీపములోని బటేవియాలో ఐక్మన్ అను డచ్చి వైద్యుడు పెంచిన కోళ్ళు ఇట్లాగే కూలబడినవి. అప్పుడు వాటి మేత ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్ల అన్నము. కొత్తగా వచ్చిన వంటవాడు, సైనికుల అన్నము కోళ్ళకు పెట్టనని తిరగబడినాడట. ముతక బియ్యము మేత కాగానే కోళ్ళు లేచి తిరిగినవి. మరపట్టి పారవేసిన తవుడులో ఏమున్నదో ఆ వంటవాడికి తెలియదు. ఆ వెదుకులాటకు ఐక్మన్‌కు 1929లో నోబెల్ బహుమానము వచ్చినది.

కొక్కెర మాత్రము అట్టి జాలి చూపేది కాదు. 1926లో జావాలోనూ, ఇంగ్లండులోని న్యూకాసిల్‌లోనూ గుర్తించిన ఈ వ్యాధికి మన దేశములో కుమావూ కొండలలోని రాణీఖేత్ పేరు వచ్చినది. గురక, ఆకుపచ్చని విరేచనము, ఆ వెనుక రెక్కలు వాలడము, మెడ మెలితిరగడము, ఒకటొకటిగా కాక గుంపులుగా చావడము దీని గుర్తులు. చావక మిగిలిన కోడికి మెడ తిరుగుడు జీవితాంతము ఉండిపోవచ్చును. మందు లేదు, టీకా ఉన్నది. మొదటి వారములో కంటిలో గాని ముక్కులో గాని ఒక చుక్క వేసి, ఎనిమిదవ వారము ప్రాంతమున సూదిమందు వేయించడము వాడుక.

గుంపు చావుకు పక్షి జ్వరము కూడా కారణము కావచ్చును. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళలో అది బయటపడినది. అందులోనూ మెడ తిరగడము, వణుకు ఉంటాయి. అట్టి కోళ్ళను ముట్టక, కోయక, అమ్మక పశువైద్యశాలకు కబురు చేయవలె. ఒక్క కోడి మాత్రమే పడి ఉంటే దానిని వేరుచేసి, గాలి ఆడే గంపలో గుడ్డ కప్పి తీసుకొనిపోవచ్చును. దానితో పాటు అది తినే మేత ఒక పొట్లము, టీకాలు వేసిన తేదీలు వ్రాసిన కాగితము తీసుకొనిపోతే వైద్యునికి పని సగము తగ్గుతుంది.