పెట్టెలో ఉన్న అక్షరాలతోనే

హైదరాబాద్ శివార్లలోని యాప్రాల్ కాలనీల్లో సాయంత్రం పూట నడకకు బయల్దేరితే చదువుకోవడానికి కావలసినంత దొరుకుతుంది. టులెట్ బోర్డులు, ట్యూషన్ సెంటర్ల కాగితాలు, బోర్లు వేసేవాళ్ల ఫోన్ నంబర్లు, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు. దాదాపు అన్నీ కంప్యూటర్ మీద తయారైనవే. అక్షరాన్ని సాగదీసి, నొక్కి, వెనక నీడ పెట్టి, పైన బంగారు రంగు పూసి వదిలేస్తారు. ఏదైనా చేయగలిగే వీలున్నప్పుడు అన్నీ చేసేయాలనిపించడం మనిషికి సహజమే మరి.

దీనికి పూర్తిగా ఎదురు దారిలో నడిచే పని ఒకటుంది. అక్షరాన్ని చేతిలోకి తీసుకుని, పక్కపక్కన పేర్చి, సిరా రాసి, కాగితం మీద అద్ది పోస్టరు తీయడం. ఒకప్పుడు పెళ్లి శుభలేఖ నుంచి దినపత్రిక దాకా ఇలాగే అచ్చయ్యేవి. లెటర్‌ప్రెస్ అని పిలిచే ఈ పద్ధతిని ఆఫ్‌సెట్, డీటీపీ వచ్చి పక్కకు నెట్టేశాయి. ఇప్పుడు దాన్ని సరదాకో, కళగానో మళ్లీ నేర్చుకుంటున్నవాళ్లు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది మొదలుపెట్టేది పోస్టరుతోనే.

కారణం తేలికగానే తెలుస్తుంది. పుస్తకంలో ఒక్క పేజీ పేర్చాలంటే వెయ్యికి పైగా అచ్చులు కావాలి, వాటిని పేర్చే ఓపికా కావాలి. పోస్టరుకు పది అక్షరాలు చాలు. అయితే ఆ పదీ తప్పించుకోవడానికి వీల్లేనంత పెద్దవి. పెట్టెలో ‘చె’ ఒక్కటే ఉంటే, ‘చె’ రెండుసార్లు వచ్చే వాక్యాన్ని మార్చుకోవాలి, లేదా రెండో ‘చె’ను వేరే సైజులో, వేరే రకంలో పెట్టుకోవాలి. పాత పోస్టర్లలో ఒకే మాటలో లావు అక్షరం, సన్న అక్షరం కలగలిసి కనిపిస్తే అదేదో గొప్ప డిజైన్ ఆలోచన అనుకుంటాం. చాలాసార్లు అసలు సంగతి పెట్టెలో సరుకు లేకపోవడమే. ఈ కరువే విద్యార్థికి గురువు. ఏ మాట ఉండాలి, ఏది పోవాలి, ఏది పెద్దదవాలి అన్న లెక్కలన్నీ మెషిన్ ముందు నిలబడకముందే తేల్చుకోవాల్సి వస్తుంది.

ఈ పనిలో ఇవాళ ప్రపంచమంతా చెప్పుకునే పేరు ఏమోస్ పాల్ కెనెడీ జూనియర్. అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీలో కంప్యూటర్ ఉద్యోగి. నలభయ్యో పడి దగ్గరపడుతుండగా వర్జీనియాలోని కలోనియల్ విలియమ్స్‌బర్గ్ అనే చారిత్రక పట్టణానికి వెళ్లి, అక్కడ పాతకాలపు అచ్చు మెషిన్ పనిచేయడం చూశాడు. అంతే, ఆ పిచ్చి పట్టుకుంది. ఉద్యోగం వదిలేసి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో లలితకళల పట్టా తీసుకున్నాడు. తర్వాత చవక అట్టల మీద చెక్క అక్షరాలతో, ఒక రంగు మీద ఇంకో రంగు వేస్తూ పోస్టర్లు తీయడం మొదలుపెట్టాడు. నల్లజాతి ప్రజల హక్కుల మాటలు, సామెతలు, ఊరి పండగల ప్రకటనలు అన్నీ వాటి మీదికి ఎక్కాయి. గ్యాలరీల్లో బొమ్మల ధరకు కాకుండా మామూలు మనిషి కొనగలిగే ధరకు అమ్మాడు. ఆయన మీద 2008లో ఒక డాక్యుమెంటరీ కూడా వచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఇంతమంది ఉన్న హైదరాబాద్ శివార్లలో ఈ కథకు శ్రోతలు తక్కువేం ఉండరు.

ఇంగ్లిష్ పోస్టర్ల వెనక ఒక పెద్ద పరిశ్రమ ఉంది. పెద్ద సైజు అక్షరాలను సీసంతో పోతపోస్తే బరువు ఎక్కువ, ఖర్చు ఎక్కువ, చల్లారేటప్పుడు పైభాగం సమంగా రాదు. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ చెక్క అక్షరాలను యంత్రంతో పెద్ద ఎత్తున చేసే దారి కనిపెట్టాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ దానికి పాంటోగ్రాఫ్ జోడించాడు. నమూనా అక్షరం అంచు వెంట సూది నడిపితే, ఇంకోవైపు కోత చక్రం అదే ఆకారాన్ని కావలసిన సైజులో చెక్కుతుంది. నాష్‌విల్‌లో 1879లో పెట్టిన హ్యాచ్ షో ప్రింట్ ఇప్పటికీ అలాంటి చెక్క అక్షరాలతోనే సంగీత కచేరీల పోస్టర్లు వేస్తోంది. విస్కాన్సిన్‌లోని టూ రివర్స్ పట్టణంలో చెక్క అక్షరాల కోసమే ఒక మ్యూజియం ఉంది. అందులో ఉన్న అక్షరాలు 15 లక్షలకు పైమాటే.

తెలుగుకు అంత భాగ్యం పట్టలేదు. తెలుగు లిపి మొదటిసారి అచ్చయింది తెలుగు నేలకు వేల మైళ్ల దూరాన, జర్మనీలోని హాలె నగరంలో. బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 1746, 1747 సంవత్సరాల్లో అక్కడ తెలుగు మత గ్రంథాలు వేయించాడు. తర్వాత శ్రీరాంపూర్, ఆపైన మద్రాసు. నిజాం రాజ్యంలో తెలుగు అచ్చు వేళ్లూనడానికి ఇరవయ్యో శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది. అక్కడి కథలో అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఇనుగుర్తి. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని ఆ పల్లె నుంచి 1922లో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అనే అన్నదమ్ములు ‘తెనుగు’ పత్రిక తెచ్చారు. పట్నం ప్రెస్సుల వెంట తిరగకుండా సొంత ఊళ్లోనే ప్రెస్సు పెట్టుకున్నారు. ఎక్కువగా సొంతంగా చదువుకున్న మనుషులు, రకరకాల చేతిపనుల్లో వేలు పెట్టినవాళ్లు. అచ్చుపని కూడా అలా చేస్తూ చేస్తూ పట్టుబడిందే. ఈరోజుల్లో వారాంతపు వర్క్‌షాపుల్లో నేర్పే విద్యను వాళ్లు వారం వారం పాఠకుడి ముందుకు వెళ్లాల్సిన ఒత్తిడిలో నేర్చుకున్నారు.

1926లో హైదరాబాద్ నుంచి సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలైంది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో ఆయన తెచ్చిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులకు చోటు దొరికింది. ఆ కవుల సంఖ్య అందరికీ గుర్తుంది. అన్ని పద్యాలను స్టిక్కులో, అంటే అచ్చులు పేర్చే చేతి పట్టీలో, ఒక్కొక్క అచ్చుగా పేర్చిన కంపోజిటర్ల వేళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు.

తెలుగు కంపోజిటర్ పని ఎంత కష్టమో లెక్క వేసి చూడొచ్చు. ఇంగ్లిష్‌కు చిన్నవి ఇరవై ఆరు, పెద్దవి ఇరవై ఆరు. తెలుగులో సుమారు ముప్పై అయిదు హల్లులను పన్నెండేసి గుణింతాలతో హెచ్చిస్తే నాలుగు వందలు దాటుతుంది. వాటికి వత్తులు, సున్నాలు, అంకెలు, విరామ చిహ్నాలు తోడు. అన్నిటికీ విడివిడిగా పోత పోయలేక కొమ్ములు, దీర్ఘాల్లాంటి కొన్నిటిని వేరే అచ్చులుగా చేసి పక్కన చేర్చేవారు. అయినా అచ్చులు పెట్టుకునే కేసులో గళ్లు వందల్లోనే ఉండేవి. పైగా స్టిక్కులో అక్షరాలు తలకిందులుగా, అద్దంలో బొమ్మలా ఉంటాయి. ప, ష, స, వ లాంటి ఒకే ఒంటి కట్టున్న అక్షరాలను ఆ తిరగబడ్డ రూపంలో గుర్తుపట్టడం కొత్తవాడికి పెద్ద పరీక్ష. ముద్రారాక్షసాలని మనం నవ్వుకునే తప్పుల్లో చాలావాటి పుట్టుక ఇక్కడే.

అందుకే తెలుగు పోస్టరుతో లెటర్‌ప్రెస్ నేర్చుకోవాలనుకునే మనిషి ముందు అక్షరాలు కొనే ఆలోచన మానుకుని, చెక్కుకునే ఆలోచన చేయడం మేలు. పెద్ద సైజు తెలుగు చెక్క అక్షరాల పూర్తి సెట్టు దొరకడం అదృష్టం. చెక్కడం మన ప్రాంతానికి కొత్త విద్యేమీ కాదు. కృష్ణా జిల్లా పెడనలో మచిలీపట్నం కలంకారీ కోసం టేకు చెక్క మీద తీగలు, పువ్వులు తిరగేసి చెక్కే పనివాళ్లు తరతరాలుగా ఉన్నారు. అక్షరం వాళ్లు చెక్కే పువ్వు కన్నా సులువే, వత్తుల దగ్గర తప్ప.

యాప్రాల్‌లో ఒక అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఇది సాధ్యమేనా? మెషిన్ లేకుండా కూడా సాధ్యమే. చేతికి మొదట కావలసింది లినోలియం పలక. అవిసె నూనె, చెక్కపొడి లాంటివి కలిపి చేసే ఈ మెత్తటి పలక చిత్రకళా సామగ్రి అమ్మే షాపుల్లో దొరుకుతుంది. అక్షరం ఆకారానికి డీటీపీ షాపే ఆధారం. గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరికే తెలుగు రకాల్లో ‘రామభద్ర’ అనేదాన్ని పురుషోత్ కుమార్ గుత్తుల శీర్షికల కోసం, పోస్టర్ల కోసమే లావుగా గీశారు. సన్న గీతలు లేని అక్షరం కాబట్టి కత్తికి లొంగుతుంది. పెద్ద సైజులో ప్రింటు తీసి, ట్రేసింగ్ కాగితం మీదికి ఎక్కించి, ఆ కాగితాన్ని తిరగేసి లినో మీద దించుకోవాలి. తిరగేయడం మరచిపోతే అచ్చులో అక్షరం ఎదురు ముఖం పెడుతుంది. ఈ పొరపాటు జీవితంలో ఒక్కసారే జరుగుతుందని అనుభవజ్ఞులు చెబుతారు గానీ, రెండోసారి కూడా జరుగుతుంది.

మాట ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది. యాప్రాల్‌కు ఉత్తరాన శామీర్‌పేట చెరువు ఉంది. ‘చెరువు మనది’ అని పోస్టరు వేద్దామనుకుంటే చె, రు, వు, మ, న, ది అని ఆరు దిమ్మెలు, ఒక్క వత్తు కూడా లేదు. రెండు వరుసలుగా దగ్గర దగ్గరగా పేర్చుకోవచ్చు. అదే మాటను ‘చెరువును రక్షించండి’ అని మారిస్తే ‘క్షిం’ వచ్చి కూర్చుంటుంది. దాని కింది ఒత్తుకు చోటివ్వాలంటే దిమ్మె పొడవు పెరగాలి, పక్క దిమ్మెలూ పెరగాలి, వరుసల మధ్య ఖాళీ పెరగాలి. పాత తెలుగు పుస్తకాల్లో పంక్తుల మధ్య అంత వెసులుబాటు ఎందుకు కనిపిస్తుందో ఇలా చేతికి తగిలితే గానీ అర్థం కాదు. తెలివైన చెక్కుడుగాళ్లు దిమ్మె మూల ఒకటి కోసేసి, పై వరుస వత్తును కింది వరుస సందులోకి దూరుస్తారు. కంప్యూటర్‌లో ఒక్క మీట నొక్కితే అయ్యే పని. ఇక్కడ చిన్న రంపం, సాయంత్రం అంతా పట్టే ఓపిక కావాలి.

చెక్కిన లినో ముక్కలను ప్లైవుడ్ దిమ్మెల మీద అంటించేటప్పుడు ఎత్తు మీద కన్ను ఉండాలి. లెటర్‌ప్రెస్ లోకంలో అక్షరం నిలువు ఎత్తుకు ఒక కొలత ఉంది, 0.918 అంగుళం. ఇంట్లో చేత్తో రుద్దేటప్పుడు కొంచెం అటూ ఇటూ అయినా నడుస్తుంది. రేపు నిజమైన మెషిన్ మీద సీసపు అచ్చుల పక్కన పెట్టాలంటే ఆ కొలత దాటకూడదు. తక్కువైన దిమ్మె కింద పల్చటి కాగితం ముక్కలు అంటిస్తూ సమం చేయడం పాత ప్రెస్సుల్లో రోజూ జరిగేదే, మెషిన్‌మన్ పనితనం తెలిసేది కూడా అక్కడే. దిమ్మెల చుట్టూ ఇనుప చట్రం, సందుల్లో చెక్క ముక్కలు, చివర బిగింపు ముక్కలు. బిగించాక ఒక మూల కొద్దిగా లేపి చూస్తే ఏ అక్షరమూ కదలకూడదు.

సిరాను గాజు పలక మీద వేసి రోలర్‌తో పల్చగా పరవాలి. సరిగా పరుచుకున్నప్పుడు రోలర్ కింద సన్నగా సుయ్‌మనే చప్పుడు వస్తుంది, జిగటగా పచ్ పచ్‌మంటే ఎక్కువైనట్టు. దిమ్మెల మీద రోలర్ నడిపి, కాగితం పరిచి, స్టీలు గరిటె వీపుతో గుండ్రంగా రుద్దాలి. మొదటి రంగు పసుపు, అది బాగా ఆరాక దాని మీద నీలం వేస్తే రెండూ కలిసిన చోట ఆకుపచ్చ పుడుతుంది. రెండు సిరాలతో మూడు రంగులు, కాగితం తెలుపుతో కలిపి నాలుగు. రెండో రంగు అదే చోట పడాలంటే కాగితం మూలలకు గుర్తులు పెట్టుకోవాలి. కాసింత తప్పినా ఫర్వాలేదు. కెనెడీ పోస్టర్లలో అలా తప్పిన అంచులే సగం అందం.

సీసపు అచ్చులు దొరికి వాటితో పనిచేసేవాళ్లకు ఒక హెచ్చరిక. వాటిలో సీసం, తగరం, ఆంటిమొని కలుస్తాయి. పేర్చేటప్పుడు తినడం, తాగడం వద్దు, పని అవగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లల చేతికి అసలు ఇవ్వకూడదు.

లినో మీద చేయి కుదిరాక చెక్క వైపు వెళ్లాలనుకుంటే నగరంలోనే దారులున్నాయి. రాయదుర్గంలో 2023లో మొదలైన టీ-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రంలో కంప్యూటర్ నడిపే కోత యంత్రాలున్నాయి. దాన్ని మోసమనుకోనక్కర్లేదు. లెవెన్‌వర్త్ పాంటోగ్రాఫ్ కూడా ఆ రోజుల్లో యంత్రమే. ఇక అసలైన ట్రెడిల్ మెషిన్లు కొన్ని చిన్న ప్రెస్సుల్లో ఇంకా బతికే ఉన్నాయి. బిల్లు బుక్కులకు నంబర్లు వేయడానికి, చింపుకునే చుక్కల గీత కొట్టడానికి, అట్టపెట్టెలు మడతపెట్టే గీత వేయడానికి వాడుతున్నారు. పాతబస్తీ ఛత్తా బజార్‌లో శుభలేఖల వ్యాపారం ఇప్పటికీ జోరుగానే ఉంది. ఒక చేత్తో కాగితం పెడుతూ ఇంకో చేత్తో తీస్తూ కాలితో తొక్కే ఆ లయ ఏ పుస్తకమూ నేర్పలేనిదని ఒక పాత మెషిన్‌మన్ పక్కన అరగంట నిలబడితే తెలుస్తుంది. ఆయన లోతుగా గుంటపడే అచ్చును మెచ్చుకోడు. ఇప్పుడు ఖరీదైన శుభలేఖల్లో అక్షరం కాగితంలోకి దిగబడితేనే గొప్ప. పాతవాళ్ల లెక్కలో అది అచ్చులను అరగదీసే చెడు అలవాటు.

పని అయ్యాక దిమ్మెలను కిరసనాయిల్‌తో తుడిచి, ఆరబెట్టి, పెట్టెలో వేసుకోవాలి. వచ్చే పోస్టరుకు ‘మ’ కావాలంటే ఈ ‘మ’ మళ్లీ రావాల్సిందే. దాచుకునే ఫైలంటూ ఏదీ ఉండదు.

ఇక చివరగా పోస్టరు ఎక్కడ అంటించాలన్నది. బహిరంగ స్థలాల్లో గోడలు పాడుచేయకుండా 1997లో ఉమ్మడి రాష్ట్రం ఒక చట్టం చేసింది. కనిపించిన ప్రతి ప్రహరీ మీదా మైదా జిగురు పూసే ఉత్సాహం వద్దు. అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు, అడిగి ఒప్పించిన కిరాణా కొట్టు తలుపు, ఊరి లైబ్రరీ గోడ, స్కూలు వరండా చాలు. కొట్టాయన ముందు ఎంత ఇస్తావని అడుగుతాడు. పోస్టరు చేత్తో చేసిందని చెబితే తలుపుకు అంటించడం మాట పక్కనబెట్టి ఇంటికి ఒకటి కావాలంటాడు. కాబట్టి నాలుగు కాపీలు ఎక్కువే తీసి ఉంచుకోవాలి.